బీటెక్ అవగానే ప్రొడక్ట్ మేనేజరా? ముందు ఆ కాలేజీ బస్సు యాప్ సంగతి చూద్దాం

ప్రశ్న: మా అమ్మాయి ఇబ్రహీంపట్నం వైపు ఒక కాలేజీలో సీఎస్‌ఈ మూడో సంవత్సరం చదువుతోంది. ప్రొడక్ట్ మేనేజర్ అవుతానంటోంది. దానికి ఆన్‌లైన్ కోర్సు ఉందట, ఫీజు మూడున్నర లక్షలు, ప్లేస్‌మెంట్ కూడా ఇప్పిస్తామంటున్నారు. బంగారం మీద లోన్ తీసుకుందామనుకుంటున్నాను. మా తోడల్లుడి కొడుకు గచ్చిబౌలిలో అదే ఉద్యోగం చేస్తున్నాడు, ముప్పై లక్షల పైనే వస్తుందంటారు. ఇంకోవైపు ఏఐ వల్ల కోడింగ్ ఉద్యోగాలు పోతాయని అందరూ అంటున్నారు. డెవలపర్‌గా చేరడం మంచిదా, నేరుగా ప్రొడక్ట్ వైపు వెళ్లడం మంచిదా? రెండూ పోల్చి చెప్పగలరు. ఇంకో విషయం, చదువు పక్కన పెట్టి ఫ్రెండ్‌తో కలిసి కాలేజీ బస్సు ఎక్కడుందో చూపించే యాప్ అంటూ టైమ్ వేస్ట్ చేస్తోంది. ఒక రూట్‌తో మొదలుపెట్టాలా, అన్ని రూట్లూ పెట్టాలా అని రోజూ ఫోన్లో ఇద్దరికీ గొడవ. అది కూడా మీరు చెప్పి మాన్పించాలి.
– వనస్థలిపురం నుంచి ఒక తండ్రి

జవాబు: ముందు ఒక్క మాట. బంగారం బ్యాంకుకు తీసుకెళ్లకండి. మిగతావన్నీ దాని తర్వాతే.

ఈ ప్రశ్న నాకు చాలాసార్లు వస్తుంది. కాలనీల పేర్లు మారతాయి, బంధువుల పిల్లల ప్యాకేజీలు మారతాయి, అడిగేది మాత్రం ఇదే. రెండు దార్లూ పోల్చమన్నారు, పోలుస్తాను, కానీ మీ ఉత్తరంలో నాకు వినబడింది వేరే. ఎల్‌కేజీ నుంచి ఫీజులు కట్టుకుంటూ వచ్చారు, తీరా డిగ్రీ చేతికొచ్చే వేళకి దానికి విలువ లేకుండా పోతుందేమో, పిల్ల ఇంట్లో కూర్చోవాల్సి వస్తుందేమో, తోడల్లుడి ముందు చిన్నబోతామేమో అన్న భయం. మొదటి రెండు భయాలకీ నేను జవాబు చెప్పగలను. మూడోది మాత్రం మీరే వదిలించుకోవాలి.

ప్రొడక్ట్ మేనేజర్ అంటే సాఫ్ట్‌వేర్‌లో ఏం కట్టాలి, ఏది ముందు, ఏది వద్దు అని తేల్చే మనిషి. ఆ ఉద్యోగం మీద, ముఖ్యంగా కాలేజీ నుంచి నేరుగా అందులోకి దూకడం మీద, నాకు చాలా అనుమానాలున్నాయి. ఈ సలహాల పనిలోకి రాకముందు మాదాపూర్‌లో పదకొండేళ్లు ప్రొడక్ట్ కంపెనీల్లో పనిచేశాను, అందులో ఆరేళ్లు ఇదే హోదాలో. కోర్సులు అమ్మేవాళ్లు దీన్ని 'మినీ సీఈఓ' అంటారు. సీఈఓకి మనుషుల్ని తీసుకునే, జీతాలు పెంచే అధికారం ఉంటుంది. ప్రొడక్ట్ మేనేజర్‌కి పక్క సీట్లో ఉన్న డెవలపర్‌కి ఒక పూట సెలవిచ్చే అధికారం కూడా ఉండదు. తన మాట వినాల్సిన అవసరం ఎవరికీ లేదు, అయినా వినేలా చేసుకోవాలి. ఇరవై ఒక్కేళ్ల పిల్ల, పదేళ్ల అనుభవమున్న ఇంజనీర్ దగ్గరికెళ్లి "అది ఆపి ఇది ముందు చేయండి" అంటే ఆయన "ఎందుకు?" అంటాడు. ఆ ప్రశ్నకి జవాబు సర్టిఫికెట్‌లో ఉండదు.

పైగా ఆ 'ఎందుకు'కి రెండు జవాబులుంటాయి, రెండూ సబబుగానే ఉంటాయి. ఈ పనిలో అసలు కష్టం అదే. మీరు రోజూ వాడేదాన్నే తీసుకోండి. 2016 ఏప్రిల్‌లో ఎన్‌పీసీఐ, అంటే నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్, యూపీఐ తెచ్చింది. అప్పటికి వాలెట్లు ఉన్నాయి, ఒక కంపెనీ వాలెట్‌లోంచి ఇంకో కంపెనీ వాలెట్‌కి డబ్బు వెళ్లేది కాదు. ఏ బ్యాంకు ఖాతా అయినా ఏ యాప్‌లోనైనా పనిచేయాలి, ఎవరి నుంచి ఎవరికైనా వెళ్లాలి అని యూపీఐని కట్టారు. గేటు అందరికీ తెరిస్తే నా డబ్బు పెట్టి నేనెందుకు కస్టమర్లని తెచ్చుకోవాలి అని ఒక కంపెనీ అడిగితే అది తప్పు వాదన కాదు. గేటు మూస్తే కిరాణా కొట్టువాడు అద్దానికి నాలుగు స్టిక్కర్లు అంటించుకోవాలి అన్నదీ తప్పు కాదు. తర్వాత 2020 జనవరి నుంచి యూపీఐ మీద దుకాణదారుల దగ్గర చార్జీ తీసుకోకూడదన్నారు. నడిపే ఖర్చు ఎవరు భరించాలని పేమెంట్ కంపెనీలు అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నాయి, చార్జీ పెడితే చిన్న కొట్లు మళ్లీ నగదుకి పోతాయని రెండో వైపు అంటోంది. ఇన్నేళ్లైనా తెగలేదు. ఇలాంటి చోట నిలబడి, ఒకటి ఎంచుకుని, రేపు అది తప్పైతే నాదే అని చెప్పగలగాలి. మూడున్నర లక్షల కోర్సు దీన్నెలా నేర్పిస్తుందో నాకు అర్థం కాదు.

నా అనుభవం ఒకటి చెప్తాను. జీతాల లెక్కలు చూసే సాఫ్ట్‌వేర్ మీద పనిచేసేవాణ్ని. అందులో పీఎఫ్ ఫైల్ డౌన్‌లోడ్ చేసుకునే పాత స్క్రీన్ ఒకటుండేది. రిపోర్ట్ తీయిస్తే దాన్ని దాదాపు ఎవరూ వాడటం లేదని తేలింది. తీసేద్దామన్నాను. సపోర్ట్ టీమ్‌లో పనిచేసే ఒక ఆవిడ "అకౌంట్స్ వాళ్లు వాడతారు సార్, తీయకండి" అంది. నేను అంకెలు చూపించాను, ఆమె దగ్గర అంకెల్లేవు, తీసేశాం. పీఎఫ్ ప్రతి నెలా 15లోపు కట్టాలి. నేను రిపోర్ట్ తీయించింది 16 నుంచి నెలాఖరు దాకా. ఆ రోజుల్లో ఆ స్క్రీన్‌తో ఎవరికీ పని ఉండదు. తర్వాతి నెల 13న మొదలైన ఫోన్లు రెండు రోజులు ఆగలేదు. ఒక డెవలపర్ రాత్రంతా కూర్చుని దాన్ని మళ్లీ పెట్టాడు. కస్టమర్‌తో రోజూ మాట్లాడే మనిషి మాట పెద్దదా, అంకె పెద్దదా అన్న వాదన నాకు అలా ఒంట పట్టింది.

అందులోనూ ఇదే జవాబని ఒకటి లేదు. 2009లో డగ్లస్ బోమన్ అనే డిజైనర్ గూగుల్ మానేస్తూ, రెండు నీలి రంగుల్లో ఏది పెట్టాలో తేల్చుకోలేక ఒక టీమ్ మధ్యలోని 41 షేడ్లని పరీక్షిస్తోందని, ప్రతిదానికీ ఇలా అంకెలు చూపించమంటే తాను పనిచేయలేనని రాశాడు. ఆపిల్‌లో స్టీవ్ జాబ్స్ పూర్తిగా అటువైపు మనిషి, చూపించేదాకా జనానికి ఏం కావాలో వాళ్లకే తెలియదనేవాడు. రెండు కంపెనీలూ బాగానే నడిచాయి.

కంపెనీలో చివరి మాట ఎవరిదన్న దానిమీద కూడా ఇలాంటి గొడవే ఉంది, అది మీ అమ్మాయి ఉద్యోగానికి నేరుగా తగులుతుంది. ప్రయాణికులకి ఇళ్లు అద్దెకిప్పించే ఎయిర్‌బీఎన్‌బీ సీఈఓ బ్రయన్ చెస్కీ 2020 మేలో, కోవిడ్ దెబ్బకి, దాదాపు 1,900 మందిని అంటే నాలుగో వంతు మందిని తీసేశాడు. ఆ తర్వాత ప్రొడక్ట్ నిర్ణయాలన్నీ దగ్గరుండి తనే చూసుకోవడం మొదలుపెట్టాడు. ప్రొడక్ట్ మేనేజర్ పనిని మార్కెటింగ్ పనితో కలిపేశామని 2023లో బయటకే చెప్పాడు. 2024 సెప్టెంబర్‌లో, స్టార్టప్‌లకి పెట్టుబడి పెట్టే వై కాంబినేటర్‌ని మొదలుపెట్టినవాళ్లలో ఒకడైన పాల్ గ్రాహం దీనికి 'ఫౌండర్ మోడ్' అని పేరు పెట్టి మెచ్చుకుంటూ రాశాడు. మంచివాళ్లని పెట్టుకుని వాళ్లకే వదిలేయాలి, లేకపోతే కంపెనీ ఒక్క మనిషి మీదే ఆగిపోతుందనేవాళ్లు గట్టిగానే ఎదురు చెప్పారు. వాళ్లలో ఎవరు గెలుస్తారో మనకి అనవసరం, మనకి కావాల్సింది ఇంతే: ఫౌండర్ అన్నీ తనే తేల్చే చోట కొత్తగా చేరిన ప్రొడక్ట్ మేనేజర్ మీటింగ్‌లో అనుకున్నవి రాసుకుని అందరికీ పంపే మనిషిగా మిగిలిపోవచ్చు. ఇంకో చోట రెండో నెలలోనే తనే తేల్చాల్సి రావచ్చు. హోదా పేరు రెండు చోట్లా ఒకటే. మీ తోడల్లుడి కొడుకు ఇందులో ఏది చేస్తున్నాడో, దానికి ముందు ఎన్నేళ్లు ఏం చేశాడో అడిగారా? ప్యాకేజీ ఒక్కటే అడిగి వచ్చినట్టున్నారు.

కోప్పడుతున్నానని అనుకోవద్దు, నిజానికి కోపంగానే ఉంది. ఎందుకంటే మీ ఉత్తరంలో అన్నిటికన్నా విలువైన విషయాన్ని మీరు చివర్లో ఫిర్యాదుగా రాశారు.

ఆ బస్సు యాప్. ఒక రూటా, అన్ని రూట్లా అని ఇద్దరు పిల్లలు రోజూ గొడవ పడుతున్నారంటే, పెద్ద కంపెనీల్లో లక్షల జీతాలు తీసుకునేవాళ్లు పడే గొడవే పడుతున్నారు. ఒక్క రూట్‌తో వదిలితే తప్పులు త్వరగా తెలుస్తాయి, సర్దుకోవచ్చు. కానీ మిగతా రూట్ల పిల్లలు ఒకసారి తెరిచి, మా బస్సు లేదని తీసేస్తే మళ్లీ పెట్టుకోరు. తొందరగా వదలాలనేవాళ్ల పక్షాన ఫేస్‌బుక్ చాలాకాలం ఉంది, ఏదైనా విరిగినా సరే పరుగెత్తండి అన్నది వాళ్ల నినాదం. 2014లో జుకర్‌బర్గే దాన్ని మార్చి, కింద ఉన్న వ్యవస్థ గట్టిగా ఉంచుకుంటూ పరుగెత్తండి అన్నాడు. ఫొటోలు పది నిమిషాలు కనిపించకపోతే ఎవరికీ నష్టం లేదు. బస్సు ఇంకా దూరంగా ఉందని యాప్ చూపిస్తే, చలికాలం పొద్దున చింతల్‌కుంట దగ్గర నిలబడాల్సిన పిల్ల ఇంట్లోనే ఉండిపోతుంది, బస్సు వెళ్లిపోతుంది, ఆ రోజు ఇంటర్నల్ పరీక్ష పోతుంది.

ఇంకా ఉంది. బస్సు ఎక్కడుందో ఎవరి ఫోన్ చెప్తుంది? డ్రైవర్ ఫోన్ అయితే డేటా ఖర్చు ఎవరిది, రోజంతా తనమీద నిఘా పెట్టారని ఆయన అనుకోడా? జీపీఎస్ పరికరం పెడితే కొనేదెవరు, కాలేజీ ట్రాన్స్‌పోర్ట్ ఇన్‌చార్జి ఒప్పుకుంటాడా? ఎక్కిన విద్యార్థుల ఫోన్లే చెప్తే ఖర్చు లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు, కానీ అప్పుడు ఆడపిల్లల బస్సు ఎక్కడుందో ఎవరెవరు చూడొచ్చు? అమెజాన్ పెట్టిన జెఫ్ బెజోస్ 2015 సంవత్సరానికి షేర్‌హోల్డర్లకి రాసిన ఉత్తరంలో నిర్ణయాలని రెండు రకాల తలుపులన్నాడు, లోపలికెళ్లి నచ్చకపోతే వెనక్కి రాగలిగేవి, రాలేనివి. మొదటి రకం త్వరగా తేల్చేయాలి, రెండో రకం నెమ్మదిగా, నలుగురితో మాట్లాడి తేల్చాలి. రూట్ల గొడవ మొదటి రకం. నా పీఎఫ్ స్క్రీన్ కూడా అదే, ఒక రాత్రిలో తిరిగొచ్చింది. ఆ పిల్లలు ఎక్కడున్నారన్న సమాచారం బయటికి పోవడం మాత్రం రెండోది, పోతే మళ్లీ రాదు. మీ అమ్మాయి దీని గురించి ఆలోచించిందో లేదో నాకు తెలియదు. ఆలోచించి ఉంటే మాత్రం, ఆ కోర్సులో చెప్పేవాళ్లకన్నా ముందుంది.

మీరు దీన్ని టైమ్ వేస్ట్ అన్నారు, పైగా నా చేత మాన్పించమన్నారు. నేను మాన్పించను.

ఇక మీరడిగిన పోలిక. బయట ఫ్రెషర్లకి గడ్డుగానే ఉంది, ఏఐ కోడ్ రాస్తోందన్నదీ నిజమే, మీ దగ్గర దాచను. కానీ దానికి భయపడి ప్రొడక్ట్ వైపు పరుగెత్తితే ఇంకా ఇరుకు సందులోకి వెళ్లినట్టే. ఫ్రెషర్లని నేరుగా ప్రొడక్ట్‌లోకి తీసుకునే సీట్లు మొదటినుంచీ తక్కువ. గూగుల్ 2002లో మరిస్సా మేయర్ ఆధ్వర్యంలో మొదలుపెట్టిన ఏపీఎం (అసోసియేట్ ప్రొడక్ట్ మేనేజర్) ప్రోగ్రామ్ లాంటివి ఉన్నాయి, అవి కొద్దిమందికే. డెవలపర్‌గానో, టెస్టింగ్‌లోనో, కస్టమర్ దగ్గర సాఫ్ట్‌వేర్ పెట్టించే ఇంప్లిమెంటేషన్ టీమ్‌లోనో చేరి రెండు మూడేళ్ల తర్వాత మారడం మామూలు దారి. డెవలపర్ పని అంటే చెప్పింది టైప్ చేయడమని కూడా అనుకోకండి. 2023లో అమెజాన్ ప్రైమ్ వీడియోలో ఒక టీమ్, వీడియో నాణ్యతని కనిపెట్టే వ్యవస్థని చిన్న చిన్న ముక్కలుగా కట్టి, తర్వాత అన్నీ ఒకటిగా కలిపేస్తే ఖర్చు 90 శాతానికి పైగా తగ్గిందని రాసింది. ముక్కలు చేయాలా, కలిపి ఉంచాలా అన్నది ఇంజనీర్లు తేల్చుకున్న విషయం. ఆ తీర్పు ఇచ్చే చూపు ఏఐ వచ్చాక ఇంకా ఎక్కువ అవసరం.

ఇంజనీరింగ్ చేసినవాళ్లే ఇందులో రాణిస్తారని కూడా నేననను. నాతో పనిచేసిన మంచి ప్రొడక్ట్ మేనేజర్లలో ఒకాయన అకౌంట్స్ నుంచి వచ్చాడు, కోడ్ ఒక్క లైను రాయడు, కానీ అకౌంటెంట్ పొద్దున్నే వచ్చి ముందు ఏం తెరుస్తాడో ఆయనకి తెలుసు. మీ అమ్మాయి ఇప్పుడు సీఎస్‌ఈలో ఉంది కాబట్టి దగ్గరున్న తలుపు డెవలప్‌మెంట్, అంతే. మేనేజ్‌మెంట్ చదువు కావాలంటే తర్వాత చూసుకోవచ్చు, ఇక్కడి బిజినెస్ స్కూల్ ఐఎస్‌బీలో పెద్ద కోర్సు పీజీపీకి ఎలాగూ కనీసం రెండేళ్ల ఉద్యోగ అనుభవం అడుగుతారు.

హైదరాబాద్‌లో ఉండటం ఆమెకి కలిసొచ్చే విషయం. మైక్రోసాఫ్ట్ 1998 నుంచి ఇక్కడుంది, అమెజాన్ 2019లో నానక్‌రామ్‌గూడలో పెద్ద క్యాంపస్ తెరిచింది, అందరికీ తెలిసినవే. నేను మాత్రం డార్విన్‌బాక్స్, కేకా, జెనోటి లాంటి చోట్లకి కూడా అప్లై చేయమంటాను. ఇక్కడ పెరిగిన ప్రొడక్ట్ కంపెనీలు. అలాంటి కంపెనీల్లో సపోర్ట్‌లో చేరినా సరే. ఇంట్లో సపోర్ట్ అంటే మొహం చిట్లిస్తారు, నాకు పీఎఫ్ స్క్రీన్ తీయొద్దని చెప్పింది సపోర్ట్ ఆవిడే.

కోర్సువాళ్లు మళ్లీ ఫోన్ చేస్తే, ప్లేస్‌మెంట్ హామీని ఉద్యోగం పేరు, కనీస జీతం, రాకపోతే ఫీజు వాపసు ఎన్ని రోజుల్లో అన్నది రాతలో ఇమ్మనండి. సీటు ఈరోజే అయిపోతుందని తొందరపెడితే ఫోన్ పెట్టేయండి.

అమ్మాయికి ఈ సెమిస్టర్ అయ్యేలోగా ఆ యాప్ ఒక్క రూట్‌లో నడిపించమని చెప్పండి. అన్ని రూట్లూ అనేవాళ్లు ఎందుకంటున్నారో, ఒక్కటే చాలనేవాళ్లు ఎందుకంటున్నారో, ఇద్దరి వాదనా ఒక పేజీలో రాసుకోమనండి. నెల తర్వాత ఎవరి మాట నిలబడిందో దాని కిందే రాయమనండి. రేపు ఇంటర్వ్యూలో ఆ పేజీ గురించి ఇరవై నిమిషాలు మాట్లాడగలదు. ఎన్ని మార్కులొచ్చాయో కూడా చూస్తారు, అందుకని బ్యాక్‌లాగ్ మాత్రం రానివ్వొద్దనండి.

అన్నిటికన్నా ముందు, ఆ బస్సు డ్రైవర్‌తో మాట్లాడమనండి. పొద్దున మొదటి స్టాప్‌కి ఎన్నింటికి వస్తాడు, ఎక్కడ ఇరుక్కుంటాడు, ఫోన్‌లో లొకేషన్ పెట్టమంటే ఏమంటాడు. ఆయన ఏం చెప్పాడో నాకు రాయాలి, ఈసారి ఉత్తరం ఆమె దగ్గర్నుంచి రావాలి.