వేప చెట్టు తల కొట్టించమంటున్నారు, ఒప్పుకోవాలా?

ఒంగోలులో మీ ఇంటి ముందు పాత వేప చెట్టుంది, కొమ్మలు కరెంటు తీగలకు ఆనుతున్నాయి, చెట్లు కొట్టేవాళ్లేమో "తల కొట్టేస్తే పీడా పోతుంది, కూలి వద్దు, కట్టె మాకిచ్చేయండి" అంటున్నారు. అదేగా మీ ప్రశ్న? ఒప్పుకోకండి.

కట్టె మాకే అన్న బేరం చవగ్గా కనబడుతుంది గానీ తిరకాసంతా అందులోనే ఉంది. వాళ్లకు గిట్టుబాటు కావాలంటే చేవున్న లావు కొమ్మలు కావాలి. మీకు అడ్డమొచ్చేవి తీగల దగ్గరి సన్న కొమ్మలు. నెల్లూరు వేదాయపాళెంలో మా మామగారింట్లో ఇలాంటి బేరమే కుదిరింది. లావువన్నీ ట్రాక్టరెక్కాయి, కంప మాత్రం గేటు ముందే ఉండిపోయింది. కొమ్మ పడి పక్కింటి రేకు పగిలితే, "చెట్టు మీది సార్, మాకేం సంబంధం?" అన్నాడు మేస్త్రీ. ఆ డబ్బులు మామగారే ఇచ్చుకున్నారు.

అసలు నష్టం తర్వాత తెలిసింది. తల కొట్టిన చోట చిగుళ్లు గుత్తులుగా వచ్చి, చూస్తుండగానే కొమ్మలయ్యాయి. అలా వచ్చినవి మానులో లోతుగా పాతుకుని పెరగవు, పైపైన అతుక్కుని ఉంటాయి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను గాలికి సరిగ్గా ఆ అతుకుల దగ్గరే విరిగాయి. ఎవరూ ముట్టుకోని ఎదురింటి వేపకు పుల్లలు తప్ప ఏమీ రాల్లేదు.

అందుకే కూలి డబ్బుగానే ఇచ్చి, ఏ కొమ్మ ఎక్కడిదాకా కోయాలో ముందే మాట్లాడుకోండి. కోయాల్సిన వాటికి సున్నంతో గుర్తు పెట్టించండి. ఒక్కసారిలో చెట్టు పచ్చదనం పావు వంతుకు మించి పోకూడదు. లావు కొమ్మయితే మానుకు అడుగు దూరంలో ముందు కింది నుంచి కొంత కోసి, ఆ తర్వాత పైనుంచి కోయాలి. లేకపోతే కొమ్మ బరువుకు బెరడు మాను పొడుగునా చీలుకొస్తుంది. మిగిలిన మోడును కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే వలయానికి బయట కోస్తే గాయం దానంతటదే పూడుతుంది. తారు, సిమెంటు పూయక్కర్లేదు. ఇదంతా మేస్త్రీకి చెబితే "మాకు తెలీదా సార్" అంటాడు. అన్నా సరే, కోసేటప్పుడు దగ్గరుండండి.

కరెంటు సంగతిలో మొహమాటం వద్దు. ఇంట్లో మెయిన్ ఆపితే వీధి తీగలో కరెంటు పోదు. 1912కి ఫోన్ చేయండి, లేదా మీ లైన్‌మన్‌తో మాట్లాడి లైన్ ఆపించాకే మనిషిని ఎక్కించండి. పైకెక్కేవాడికి మోకు, బెల్టు ఉన్నాయా, దెబ్బ తగిలినా పక్కవాళ్ల గోడ కూలినా ఖర్చెవరిది, కంప ఎవరు తీస్తారు అన్నవి వాట్సాప్‌లో రాసుకుంటే చాలు, స్టాంపు కాగితాలక్కర్లేదు.

ఎండిపోయింది కాబట్టి మొత్తం తీసేద్దామంటే మాత్రం తొందరపడకండి. 2021లో తెలుగు రాష్ట్రాల్లో వేపచెట్లు తెగులుతో మాడిపోయినట్టు కనబడ్డాయి, వాటిలో చాలా మళ్లీ చిగిర్చాయి. కొమ్మ మీద గోటితో గీరి చూడండి, లోపల పచ్చగా ఉంటే బతికున్నట్టే. నిజంగా నరకాల్సొస్తే మాత్రం 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం ప్రకారం అనుమతి కావాలి, చెట్టు మీ స్థలంలో ఉన్నా సరే. దరఖాస్తు ఎవరికి పెట్టాలో మీ వార్డు సచివాలయంలో అడగండి. చెట్టు ప్రహరీ బయట ఉంటే అది మీది కాకపోవచ్చు, అదీ కనుక్కోండి.

పని సెప్టెంబరులోపే పెట్టుకోండి. అక్టోబరు వస్తే మన వైపు ముసురు మొదలవుతుంది, తడి మాను మీద కాలు నిలవదు.