బొట్టు పెట్టి పిలిచావా, తమ్ముడూ?

తమ్ముడూ,

మీ ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు గురించి నువ్వు రాసిన ఉత్తరం చదివాను. "అక్కా, కోడ్ అందరికీ తెరిచే ఉంది, మేం ఎవర్నీ రావద్దనలేదు. అయినా నలభై మందిలో ఇద్దరే అమ్మాయిలు. వాళ్లకే ఇంట్రెస్ట్ లేదేమో" అన్నావు. ఆ చివరి మాటకి నాకు కోపం వచ్చింది. అది కాస్త చల్లారాక రాస్తున్నాను. నలభైలో ఇద్దరంటే 5 శాతం. ఇలాంటి ప్రాజెక్టులు కోడ్ దాచుకునే సైటు గిట్‌హబ్ 2017లో చేసిన సర్వేలో జవాబిచ్చినవాళ్లలో ఆడవాళ్లు 3 శాతమే, కాబట్టి మీరు మరీ వెనకబడేం లేరు. అలాగని గొప్పగా చెప్పుకోకు.

ఇంట్రెస్ట్ సంగతి గ్నోమ్ వాళ్లు (లినక్స్ కంప్యూటర్లకి డెస్క్‌టాప్ తయారుచేసే ప్రాజెక్టు) ఎప్పుడో తేల్చేశారు. విద్యార్థులకి డబ్బిచ్చి వేసవిలో ఇలాంటి ప్రాజెక్టుల్లో పని చేయించే గూగుల్ సమ్మర్ ఆఫ్ కోడ్‌కి 2006లో వాళ్ల దగ్గరికి 181 అప్లికేషన్లు వచ్చాయి. అందులో ఆడవాళ్లది ఒక్కటీ లేదు. వెంటనే ఆడవాళ్ల కోసమే మూడు సీట్లు పెట్టి పిలిస్తే దాదాపు వంద మంది అడిగారు, చివరికి ఆరుగురిని తీసుకున్నారు. అదే ప్రాజెక్టు, అదే వేసవి. మారింది పిలుపొక్కటే. ఆ ప్రయత్నాన్నే 2010లో మళ్లీ మొదలుపెట్టారు, ఇప్పుడు ఔట్‌రీచీ అంటున్నది అదే. అమెరికాలో జరిగే పైథాన్ ప్రోగ్రామర్ల సభ పైకాన్‌లో 2011లో ప్రసంగాల్లో ఆడవాళ్లవి నూటికి ఒకటి. 2016కి నలభై అయ్యాయి. దాని వెనక ఒక్కొక్కరినీ విడిగా అడిగిన ఓపిక ఉంది. మన ఇళ్లలో పెళ్లికి ఎలా పిలుస్తాం? గేటుకి బోర్డు తగిలించి ఊరుకోం కదా, బొట్టు పెట్టి మరీ పిలుస్తాం. "ఫలానా బగ్ నువ్వు చేయగలవు, చూస్తావా?" అని ఒక మనిషిని పేరు పెట్టి అడుగు.

అయితే పిలవడం తేలిక. వచ్చినవాళ్లు ఎందుకు వెళ్లిపోయారో చూసుకోవడమే కష్టం.

నా మొదటి ప్యాచ్ (కోడ్‌లో చేసి పంపే మార్పు) 2004లో. తెర మీద తెలుగు ఒత్తులు అక్షరం కింద కాకుండా పక్కకి జారిపోయేవి. పదకొండు లైన్ల మార్పు రాసి, ముందు ఎలా ఉందో తర్వాత ఎలా ఉందో రెండు స్క్రీన్‌షాట్లు జతచేసి పంపాను. పంతొమ్మిది రోజులు ఎవరూ పలకలేదు. ఇరవయ్యో రోజు ఒకాయన, "అసలు టెస్ట్ చేశావా?" అని ఒకే ఒక్క లైను రాశాడు. స్క్రీన్‌షాట్లు తెరిచి కూడా చూడలేదన్నమాట. ఆ తర్వాత రెండేళ్లు నేను ఏమీ పంపలేదు. ఆయన మగవాళ్లకీ అలాగే రాస్తాడని చాలా కాలానికి తెలిసింది. కాకపోతే వాళ్లకి హాస్టల్ గదిలోనో టీ కొట్టు దగ్గరో "వాడంతే, వదిలెయ్" అనేవాడు ఒకడుంటాడు. నాకు లేడు. ఒకే మాట ఇద్దరికీ ఒకేలా తగలకపోవడానికి కారణం అదే. అందుకే కొత్తవాళ్ల మొదటి ప్యాచ్‌కి రెండు రోజుల్లో జవాబు వెళ్లాలి. "చూశాను, శనివారం వివరంగా చెబుతాను" అన్నా చాలు. ఆ వెనక ఏదైనా అడగడానికి ఒక మనిషి పేరు ఇవ్వు.

మీ మీటింగ్ రాత్రి తొమ్మిదికట. ఆ టైముకి చాలా లేడీస్ హాస్టళ్లలో గేటు పడిపోయి ఉంటుంది, ఇళ్లలో ఉన్నవాళ్లు వంటింట్లో ఉంటారు. రాత్రంతా కలిసి కూర్చుని కోడ్ రాసే హ్యాకథాన్ అంటే ఇక చెప్పనక్కర్లేదు. ఆదివారం పొద్దున పెట్టి చూడు. ఇంకోటి, ఆ వాట్సాప్ గ్రూపు. చేరిన రోజే అమ్మాయి నంబరు నలభై మంది చేతిలో పడుతుంది. సాయంత్రానికి ముక్కూ ముఖం తెలియనివాడి నుంచి "హాయ్" వస్తుంది. నంబరు కనపడని చోటికి మారండి. "బ్రో, బ్రో" అనడం కూడా తగ్గించండి (నన్ను ఒకడు "అక్కా బ్రో" అన్నాడు, సర్లే).

వచ్చిన ఇద్దరినీ యాంకరింగ్‌కీ, అతిథులకి బొకేలు ఇవ్వడానికీ వాడకు. డాక్యుమెంటేషన్ మంచి పనే, కానీ కోరకుండానే అదే అంటగడితే అది వేరే కథ. ఇతరుల ప్యాచ్‌లు రివ్యూ చేసే హక్కు, మార్పుల్ని నేరుగా కోడ్‌లో కలిపే కమిట్ హక్కు ఎప్పుడు, ఏం చేస్తే వస్తాయో రాసిపెట్టు. రాయకపోతే అవి స్నేహితులకే వెళతాయి.

ప్రవర్తన నియమాలు రాశామన్నావు. ఫిర్యాదు ఎవరికి చేయాలో అందులో లేదు. ఇద్దరి పేర్లు పెట్టు, ఒకరు నీ స్నేహితులు కానివాళ్లు అయితే మంచిది. మీ బాగా పాత కంట్రిబ్యూటర్ మీదే ఫిర్యాదు వస్తే ఏం చేస్తారో ఇప్పుడే మాట్లాడుకోండి. "ఆయన లేకపోతే ప్రాజెక్టు ఆగిపోతుంది" అనే మాట నేను విన్నాను. ఆయన మూలంగా వెళ్లిపోయినవాళ్ల లెక్క మాత్రం ఎవరూ రాయలేదు.

ఒక పని చెయ్యి. ఈ ఏడాది ఒక్క ప్యాచ్ పంపి మళ్లీ కనపడనివాళ్ల పేర్లన్నీ తీయి, అబ్బాయిలవి కూడా. మొదటి జవాబు ఎన్నో రోజున వెళ్లిందో పక్కన వెయ్యి. ఆదివారం పదింటికి ఫోన్ చెయ్యి, కలిసి చూద్దాం. పదకొండు దాటితే దొరకను, రైతుబజారుకి వెళ్లాలి.

అక్క