నూర్విక్ వెళ్ళే చిట్టికి

చిట్టీ,

నూర్విక్ బళ్ళో లెక్కల టీచరుగా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అలాస్కా, అందులో జనవరి అని దానికి ఒకటే టెన్షన్. పాఠాల సంగతి నీకు తెలుసు. ఆ ఊరు చేరడం గురించే రాస్తున్నాను. ఆ వైపు ఊళ్ళలో తొమ్మిదేళ్ళు పనిచేశాను కదా.

ఆంకరేజ్ నుంచి కోట్జెబ్యూ దాకా జెట్ విమానమే. అక్కడి నుంచి ఏ ఊరికీ రోడ్డు లేదు. నూర్విక్‌కి సెస్నా అనే ఒంటి ఇంజన్ చిన్న విమానం ఎక్కాలి, అరగంట కూడా పట్టదు.

కౌంటర్‌లో నీ బరువు అడుగుతారు. సిగ్గుపడి తగ్గించకు, కోటూ బూట్లతో కలిపి చెప్పు. ఆ లెక్కను బట్టే ఎవరు ఎక్కడ కూర్చోవాలో పైలట్ చెబుతాడు. తన పక్క సీటు ఇస్తే కాళ్ళ దగ్గరి పెడల్స్ జోలికి పోకు. లోపల టాయిలెట్ ఉండదు. అందుకని ఎక్కేముందు టీ వద్దు.

బరువు ఎక్కువైతే సామాను దింపేసి తర్వాతి విమానంలో పంపుతారు. నా మొదటి సూట్‌కేసు నాలుగు రోజులకి వచ్చింది, బట్టలన్నీ అందులోనే! మందులు, చార్జరు, రెండు జతల బట్టలు చేతిసంచిలో పెట్టుకో. బియ్యం, పప్పు మోసుకెళ్ళకు. ఆంకరేజ్‌లో పోస్టాఫీసు ఫ్లాట్ రేట్ డబ్బాలో కుక్కి పంపు. 70 పౌండ్ల దాకా ఒకే రేటు, కందిపప్పుకి అంతకంటే మంచి దారి లేదు. వైన్ సీసా మాత్రం వద్దు, అక్కడ చాలా ఊళ్ళలోకి మద్యం తేవడమే నేరం.

విమానంలో హీటరుంటుంది కదా అని స్వెటరుతో ఎక్కేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. మంచులో దిగాల్సొస్తే ఒంటి మీదున్నదే నీది. చలికాలంలో విమానంలో తిండితో పాటు స్లీపింగ్ బ్యాగ్ కూడా ఉండాలని అలాస్కా చట్టమే చెబుతుంది.

ఇక 'వెదర్ హోల్డ్'. ఈ మాట నీకు చాలాసార్లు వినబడుతుంది. పొగమంచో, గాలివానో ఉంటే విమానం కదలదు, పైలట్‌ని బతిమాలినా లాభం లేదు. నేను మొదటిసారి గంటకోసారి కౌంటర్‌కి వెళ్ళి విసిగించాను. నా పక్కన ఇనుపియాట్ అనే అక్కడి ఆదివాసీ తెగ పెద్దావిడ ఒకామె మూడు రోజులూ చేతి తొడుగులు కుట్టుకుంటూ కూర్చుంది, రెండు జతలు పూర్తయ్యాయి. బడిలో చేరే తేదీకి కనీసం నాలుగు రోజుల ముందు బయలుదేరు. కోట్జెబ్యూలో రాత్రి ఎక్కడ ఉండాలో బడివాళ్ళను ముందే అడిగిపెట్టుకో.

ఊళ్ళో దిగాక టాక్సీలు వెతక్కు. స్నోమెషీన్ (మంచు మీద నడిచే మోటారు బండి) మీదో హోండా మీదో ఎవరో ఒకరు వస్తారు. అక్కడ హోండా అంటే కారు కాదు, నాలుగు చక్రాల బండి. 2010లో అమెరికా జనాభా లెక్కలు మొదలైంది ఈ నూర్విక్‌లోనే. నేల గడ్డకట్టి, జనం ఇంకా వేటకు చెదిరిపోకముందే లెక్కపెట్టాలని జనవరిలో వచ్చారు. జనాభా లెక్కల శాఖ డైరెక్టరంతటివాడే చిన్న విమానం దిగి, కుక్కల బండెక్కి ఊళ్ళోకి వెళ్ళాడు.

ఆవకాయ సంగతి మర్చిపోయాను. జెట్‌లో చేతిసంచిలో పెడితే సెక్యూరిటీవాళ్ళు లాగేసుకుంటారు, సూట్‌కేసులో వెయ్యి. కోట్జెబ్యూలో మాత్రం దాన్ని తీసి చేతిసంచిలోకి మార్చుకో. సూట్‌కేసు ఎప్పుడొస్తుందో చెప్పలేం.

మీ పెద్దమ్మ