వేవిళ్ళ కరపత్రం అచ్చుకిచ్చే ముందు

అమ్మాయ్, నువ్వు పంపిన కరపత్రం చదివాను. బొమ్మలు బాగున్నాయి, అక్షరాలూ పెద్దవిగా ఉన్నాయి. మొదటి వాక్యం మాత్రం మార్చు. "వేవిళ్ళు సహజం, కంగారు పడనక్కర్లేదు" అన్నావు. పది మందిలో ఏడుగురికి పైగా వికారమో వాంతులో ఉంటాయి కాబట్టి అబద్ధమేమీ కాదు, అయితే గుక్కెడు నీళ్ళు కూడా నిలవని పిల్ల అది చదివితే, అందరూ ఓర్చుకుంటుంటే నేనే ఓర్చుకోలేకపోతున్నానేమో అనుకుని ఇంట్లోనే పడి ఉంటుంది. ఇంట్లో పెద్దవాళ్ళు కూడా ఆస్పత్రి వాళ్ళే రాశారుగా అంటారు. "చాలామందికి వస్తాయి" అని రాసి, ఆ వెంటనే ఎప్పుడు ఆస్పత్రికి రావాలో చెప్పు. ఆ ముక్క చివరి పేజీకి తోసేయకు.

"వాంతులు ఎక్కువైతే రండి" అంటే చాలదు, ఎక్కువంటే ఎంతో ఎవరికి తెలుస్తుంది? రోజంతా తిన్నదీ తాగిందీ నిలవకపోయినా, ఎనిమిది గంటలుగా మూత్రం రాకపోయినా, ముదురు రంగులో వచ్చినా, లేచి నిలబడితే కళ్ళు తిరిగినా, బరువు తగ్గుతున్నా, వాంతిలో రక్తం పడినా ఆ రోజే రమ్మను. ఇంతగా ముదిరిన వాంతులకి హైపరెమెసిస్ అనే పేరు ఒకసారి రాయి, డాక్టరు చీటీలో అదే కనిపిస్తుంది. దాన్ని "కాస్త ఎక్కువ వేవిళ్ళు" అనకు, సెలైన్ ఎక్కించాల్సి వచ్చే జబ్బు అది.

"పొద్దున పూట వచ్చే" అన్నది కొట్టెయ్, చాలామందికి రోజంతా ఉంటుంది. "మూడో నెల దాటగానే పోతాయి" అని మాట ఇవ్వకు. ఎక్కువమందికి 16 నుంచి 20 వారాల లోపు తగ్గుతాయి, కొందరికి కాన్పు దాకా ఉంటాయి, ఉన్నదున్నట్టు అదే రాయి.

"టెన్షన్ వల్ల" అన్న మాట నాకు అస్సలు నచ్చలేదు. ఆ పిల్ల పడే బాధకి ఆమెనే కారణం చేసినట్టవుతుంది. బిడ్డ, మాయ నుంచి వచ్చే జీడీఎఫ్15 అనే హార్మోన్‌కి ఇందులో పెద్ద పాత్ర ఉందని 2023లో పరిశోధకులు చూపించారు. "వాంతులైతే బిడ్డ బలంగా ఉన్నట్టే" అన్నదీ తీసెయ్, వేవిళ్ళు లేనివాళ్ళు హడలిపోతారు. అల్లం చిట్కా ఉంచు, తేలికగా ఉన్నవాళ్ళకే అని పక్కన రాయి.

"గర్భిణులు మందులు వాడకూడదు" అని ఒకే మాటలో తేల్చేయకు. ఒకప్పుడు వేవిళ్ళకి కూడా ఇచ్చిన థాలిడోమైడ్ అనే మందు వల్ల పిల్లలు అవయవ లోపాలతో పుట్టారు, 1961 నుంచి దాన్ని వెనక్కి తీసుకున్నారు, ఆ భయం ఊరికే రాలేదు. అయినా వేవిళ్ళకి డాక్సిలమిన్ అనే మందు, బి6 విటమిన్ కలిపిన మాత్ర దశాబ్దాలుగా వాడుకలో ఉంది. "డాక్టరు రాసిన మందు వేసుకోవచ్చు, సొంతంగా కొనొద్దు" అంటే సరిపోతుంది.

అచ్చుకిచ్చే ముందు ఇద్దరు ముగ్గురు గర్భిణులకి చదివి వినిపించు. ఎక్కడ మొహం చిట్లిస్తారో చూసుకుని అక్కడ మార్చి, మళ్ళీ నాకు పంపు.