టెక్ సందేహాలు: మూడు కెమెరాల్లో మూడు రంగుల ముఖం

ప్రశ్న: ఒక గదిని స్టూడియోగా మార్చుకుని చర్చా కార్యక్రమాలు రికార్డు చేస్తున్నాం. మూడు కెమెరాలూ ఒకే కంపెనీవి, ఒకే మోడల్. అయినా స్విచర్‌లో (ఏ కెమెరా దృశ్యం వెళ్లాలో ఎంచుకునే పరికరం) ఒక కెమెరా నుంచి మరోదానికి మారిన ప్రతిసారీ వ్యాఖ్యాత ముఖం కాసేపు పసుపుగా, కాసేపు నీలంగా కనిపిస్తోంది. ఇంకా మంచి కెమెరాలు కొనాలా?

జవాబు: కొనవలసిన అవసరం లేదు. మీరు చెప్పిన లక్షణాలను బట్టి మూడు కెమెరాల్లోనూ వైట్ బ్యాలెన్స్ (తెలుపు తెల్లగానే కనిపించేలా రంగులను సరిచేసే అమరిక) ఆటోలోనే ఉండి ఉంటుంది. ఆటోలో ఉన్న కెమెరా తన ఫ్రేములోకి వచ్చిన రంగులన్నిటినీ కలిపి చూసి, వాటిలో తెలుపు ఏది అయి ఉంటుందో అంచనా వేస్తుంది. నీలం తెర ముందు కూర్చున్న వ్యాఖ్యాతను ఎదురుగా చూసే కెమెరా, ఫ్రేములో నీలం ఎక్కువైందనుకుని దాన్ని తగ్గించబోయి ముఖానికి పసుపు పులుముతుంది. పక్క నుంచి చెక్క బల్లను, ముదురు పసుపు గోడను చూస్తున్న కెమెరా సరిగ్గా దీనికి వ్యతిరేకమైన పని చేస్తుంది. ఒకే మోడల్ అయినంత మాత్రాన వాటి అంచనాలు ఒకటి కావు, ఎందుకంటే అవి చూస్తున్న దృశ్యాలు వేరు.

ముందు లైట్లను చూడండి. వెలుగు పసుపు వైపు ఉందో నీలం వైపు ఉందో కెల్విన్ విలువ చెబుతుంది; విలువ తక్కువైతే పసుపు, ఎక్కువైతే నీలం. టంగ్‌స్టన్ దీపాల వెలుగు సుమారు 3200 కెల్విన్, పగటి వెలుగు సుమారు 5600 కెల్విన్ ఉంటుంది. ముఖానికి ఒక పక్క దీపం, మరో పక్క కిటికీ వెలుగు పడుతుంటే ఏ కెమెరా కూడా ఆ రెండింటినీ ఒకేసారి తెల్లగా చూపించలేదు. కాబట్టి కిటికీని పూర్తిగా మూసి, అన్ని లైట్లనూ ఒకే కెల్విన్ విలువకు తీసుకురండి. తరువాత వ్యాఖ్యాత కుర్చీలో ఒకరిని కూర్చోబెట్టి, ముఖం ఉండే చోటనే గ్రే కార్డు (రంగు సరిచూడటానికి వాడే బూడిద రంగు అట్ట) పట్టుకోమనండి. మూడు కెమెరాలూ ఒకదాని తరువాత ఒకటి ఆ కార్డు ఫ్రేము నిండేవరకు జూమ్ చేసి మాన్యువల్ వైట్ బ్యాలెన్స్ తీసుకోవాలి. చాలామంది కార్డును ఎవరి కెమెరా దగ్గర వారు పట్టుకుంటారు. అక్కడ పడే వెలుగు వేరు కనుక చేసిన శ్రమంతా వృథా అవుతుంది. కార్డు లేదని ప్రింటర్ కాగితం వాడకపోవడం మంచిది. తెల్లగా మెరవడానికి అందులో కలిపే రసాయనాల వల్ల అది కొద్దిగా నీలం వైపు మొగ్గుతుంది.

రంగు కుదిరాక ఐరిస్ (లెన్సులోకి వెలుగు వచ్చే రంధ్రం), గెయిన్ (దృశ్యం వెలుగును ఎలక్ట్రానిక్‌గా పెంచే అమరిక), షటర్ (ఒక్కో ఫ్రేముకు వెలుగు అందే సమయం) కూడా మాన్యువల్‌లోకి మార్చండి. ఐరిస్ ఆటోలో ఉంటే తెల్లచొక్కా వేసుకున్న అతిథి ఫ్రేములోకి రాగానే పక్కనున్న వ్యాఖ్యాత ముఖం చీకటి పడుతుంది. ముఖంపై వెలుగును సరిచూడటానికి జీబ్రా గీతలను (నిర్ణయించిన వెలుగు స్థాయికి చేరిన చోట్ల కెమెరా తెరపై కనిపించే చారలు) 70 శాతానికి పెట్టుకుంటే, తెల్లని మేనిఛాయ గలవారి నుదుటి మీద, చెంప ఎముకల మీద మాత్రమే అవి కనిపించాలి. నల్లని మేనిఛాయకు ఈ విలువ తప్పనిసరిగా తక్కువే ఉండాలి. ఆ ముఖాన్ని కూడా బలవంతంగా 70 దాకా లేపితే చర్మంలోని సహజమైన నునుపు, వెలుగునీడలు పోయి వెనుక తెర వెలిసిపోతుంది. మనిషిని ఉన్న ఛాయలో అందంగా చూపించడమే లైటింగ్ చేసేవారి బాధ్యత అని నేను గట్టిగా నమ్ముతాను.

పెద్ద స్టూడియోల్లో అన్ని కెమెరాల ఐరిస్‌నూ రంగునూ కంట్రోల్ రూములో ఒకే వ్యక్తి సరిచేస్తారు. కెమెరా దగ్గర ఉన్నవారు ఫ్రేమునూ ఫోకస్‌నూ చూసుకుంటే చాలు. మీరు కూడా మూడు దృశ్యాలనూ ఒకే మానిటర్‌పై పక్కపక్కన పెట్టుకుని పోల్చండి. కెమెరాలకు ఉండే చిన్న తెరలను నమ్మి రంగు నిర్ణయించవద్దు.

ప్రశ్న: ఎల్ఈడీ లైట్లు మార్చాక వీడియోలో చారలు నెమ్మదిగా కిందికి జారుతున్నట్లు కనిపిస్తున్నాయి. కంటికి మాత్రం ఏ తేడా తెలియడం లేదు.

జవాబు: 50 హెర్ట్జ్ విద్యుత్తుపై వెలిగే చాలా దీపాల కాంతి సెకనుకు 100 సార్లు హెచ్చి తగ్గుతుంది. కన్ను దాన్ని పట్టుకోలేదు కానీ, దృశ్యాన్ని పైనుంచి కిందికి వరుస వరుసగా చదివే సెన్సర్ పట్టుకుంటుంది. షటర్ 1/50 లేదా 1/100 సెకనులో ఉంటే ప్రతి వరుసకూ పూర్తి హెచ్చుతగ్గులు సమానంగా అందుతాయి కనుక చారలు రావు. 60 హెర్ట్జ్ విద్యుత్తు ఉన్న దేశాల్లో ఇవే విలువలు 1/60, 1/120 అవుతాయి. దృశ్యం మరీ వెలుగ్గా ఉందని షటర్ వేగం పెంచకండి. ఎన్‌డీ ఫిల్టర్ (రంగు మార్చకుండా వెలుగును మాత్రమే తగ్గించే అద్దం) వాడండి లేదా ఐరిస్ తగ్గించండి.

అయినా చారలు పోకపోతే డిమ్మర్‌ను అనుమానించాలి. లైటును పూర్తి వెలుగుకు తిప్పినప్పుడు చారలు మాయమై, సగానికి తగ్గించగానే మళ్లీ కనిపిస్తే, ఆ డిమ్మర్ దీపాన్ని అతివేగంగా వెలిగించి ఆర్పుతూ కాంతిని తగ్గిస్తోందని అర్థం. అప్పుడు లైటును పూర్తి వెలుగులోనే ఉంచి దూరం జరపండి. దూరం రెట్టింపు చేస్తే ముఖంపై పడే కాంతి దాదాపు నాలుగో వంతుకు తగ్గుతుంది.

ప్రశ్న: దూరం నుంచి ఫోకస్ చేసి ముఖం మీదికి జూమ్ చేస్తే మసకబారుతోంది.

జవాబు: క్రమం తిరగవేయండి. ముందు కంటి మీదికి పూర్తిగా జూమ్ చేసి, రెప్పవెంట్రుకలు విడివిడిగా కనిపించేలా ఫోకస్ పెట్టి, ఆ తరువాత కావలసిన ఫ్రేముకు వెనక్కి రండి. వెడల్పు ఫ్రేములో ఫోకస్ తప్పినా తెలియదు. దగ్గరికి వెళ్లాకే బయటపడుతుంది. దగ్గర పెట్టిన ఫోకస్ వెనక్కి వచ్చాక చెడుతుంటే లెన్సు బ్యాక్ ఫోకస్ (లెన్సు వెనుక భాగానికీ సెన్సర్‌కూ మధ్య దూరం అమరిక) సరిచేయించాలి. ఫొటోల కోసం తయారైన జూమ్ లెన్సుల్లో చాలావాటికి జూమ్ మారినప్పుడల్లా ఫోకస్ మారడం సహజమే కనుక, వాటితో ప్రసారం మధ్యలో జూమ్ చేయకపోవడమే మేలు.

ప్రశ్న: రికార్డింగులో పెదవుల కదలిక కంటే మాట ముందే వినిపిస్తోంది.

జవాబు: మైకు శబ్దం నేరుగా రికార్డరుకు చేరుతోంది; దృశ్యం మాత్రం కన్వర్టర్లు (సిగ్నల్‌ను ఒక రూపం నుంచి మరో రూపానికి మార్చే పరికరాలు), స్విచర్ దాటుకుని వస్తూ దారిలో కొన్ని ఫ్రేములు ఆలస్యమవుతోంది. సెకనుకు 25 ఫ్రేముల లెక్కన ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. ధ్వని 40 మిల్లీసెకన్లకు మించి ముందు గానీ, 60 మిల్లీసెకన్లకు మించి వెనుక గానీ ఉండరాదని యూరోపియన్ బ్రాడ్‌కాస్టింగ్ యూనియన్ సిఫార్సు. లోకంలో ఎప్పుడూ వెలుగు తరువాతే శబ్దం మనను చేరుతుంది కనుక, మాట ముందు రావడం మనకు త్వరగా ఎబ్బెట్టుగా అనిపిస్తుంది.

కెమెరా ముందు ఒకసారి చప్పట్లు కొట్టి రికార్డు చేసి, ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో శబ్దం ఎగసిన చోటుకూ చేతులు కలిసిన ఫ్రేముకూ మధ్య ఎన్ని ఫ్రేములున్నాయో లెక్కించండి. ఆ సంఖ్యను 40తో హెచ్చవేసి వచ్చిన విలువను ఆడియో మిక్సర్‌లో డిలేగా (శబ్దాన్ని అన్ని మిల్లీసెకన్లు ఆలస్యం చేసేలా) ఇవ్వండి. ఒక కెమెరా కన్వర్టర్ ద్వారా, మరొకటి నేరుగా స్విచర్‌కు వస్తుంటే వాటి ఆలస్యాలు వేర్వేరుగా ఉంటాయి. కాబట్టి ముందు మూడింటినీ ఒకే రకమైన మార్గంలో కలిపి, ఆ తరువాతే ఈ కొలత తీసుకోండి.