జియాలజీలో ఏ బ్రాంచ్ అంటే నేనైతే నీళ్ళ వైపే రమ్మంటా

బీఎస్సీ జియాలజీ అయిపోయింది, ఎమ్మెస్సీలో పెట్రోలియం వైపు పోవాలా మైనింగ్ వైపు పోవాలా, దేనికి స్కోప్ ఉంది అని అడిగారు కదా. నేను మూడోది చెప్తా, హైడ్రోజియాలజీ, అంటే భూమి లోపలి నీళ్ళ చదువు. అనంతపురం జిల్లాలో ఏళ్ళ తరబడి బోరు పాయింట్లు పెట్టే పనిలోనే ఉన్నా, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

కేజీ బేసిన్‌లో ఆయిల్, గ్యాస్ ఉన్నాయి, మంగంపేటలో ముగ్గురాయి ఉంది, సింగరేణిలో బొగ్గు ఉంది, కాదనట్లేదు. కానీ ఆ ఉద్యోగాలు గని ఎక్కడుంటే అక్కడే, అది కూడా నోటిఫికేషన్ పడితేనే. నీళ్ళు కావాల్సినోళ్ళు మాత్రం ప్రతి ఊళ్ళో ఉన్నారు, మా రాయలసీమలో అయితే ప్రతి ఇంట్లో ఉన్నారు.

కళ్యాణదుర్గం వైపు ఒక రైతు చీనీ (బత్తాయి) తోట సంగతి చెప్తా. ఎండాకాలం, ఆకులు ముడుచుకుపోయి కాయలు గోళీలంతే ఉండగానే రాలిపోతున్నాయి. ఆయన వేసిన బోర్లన్నీ ఫెయిల్, అన్నీ తోట పక్కనే, పొలానికి తూర్పు వైపే. "యాడేసినా బండే తగులుతాంది సామీ, ఇంగ అప్పు పుట్టదు" అన్నాడు. నేను మిషన్ దించకుండా ముందు పొలమంతా నడిచా. మధ్యలో నల్లగుండ్లు ఉత్తరం నుంచి దక్షిణానికి గీత గీసినట్టు వరసగా ఉన్నాయి, పక్కోళ్ళ పొలంలోకి కూడా అదే వరస పోతోంది. సుత్తితో ఒకటి పగలగొడితే పైన గోధుమరంగు పొర, లోపల నల్లగా సన్నటి రేణువులు. డోలరైట్ డైక్. చుట్టూ ఉన్నదంతా గ్రానైట్, దాని పగుల్లోకి ఎప్పుడో లావా లాంటిది కింద నుంచి ఎక్కి గోడలాగా గట్టిపడింది. నేల వాలు చూస్తే పడమర నుంచి తూర్పుకి. అంటే పైనుంచి భూమిలో దిగివచ్చే నీళ్ళని ఆ గోడ పడమర వైపే ఆపేస్తోంది, ఆయనేమో ఏళ్ళ తరబడి గోడకి ఇవతల బోర్లు వేస్తున్నాడు.

పడమర వైపు ఆయనకున్నది చిన్న చెక్క, రాళ్ళు ఏరి పడేసే చోటు. అక్కడ రెసిస్టివిటీ పెట్టాం, అంటే నేల కరెంటుని ఎంత అడ్డుకుంటుందో కొలవడం. నాలుగు ఇనుప కడ్డీలు దిగ్గొట్టి బయటి రెండింట్లోంచి కరెంటు పంపి లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూస్తాం, కడ్డీలు దూరం జరిపే కొద్దీ ఇంకా లోతు సంగతి తెలుస్తుంది. నేల అంత ఎండిపోయి ఉంటే కరెంటే దిగదు, కడ్డీల మొదట్లో ఉప్పునీళ్ళు పోస్తూ చేశాం. తూర్పు వైపు పెడితే రీడింగు కొంచెం లోతుకే సర్రున పెరిగిపోయింది, అంటే గట్టి బండ. పడమర వైపు చాలా లోతు దాకా తక్కువగానే నిలబడింది, అంటే మెత్తబడిన రాయి, పగుళ్ళు. రిగ్గు వచ్చింది, ముందు ఎర్రమట్టి, తర్వాత తెల్లదుమ్ము, 240 అడుగుల దగ్గర దుమ్ము ఆగిపోయి బురద చిమ్మింది, ఇంకొంచెం దిగేసరికి రెండించుల నీళ్ళు పడ్డాయి. ఆ పెద్దాయన ఏం మాట్లాడలేదు, తలకి చుట్టుకున్న టవల్ తీసి మొహం కప్పుకున్నాడు.

ఇప్పుడు చెప్పండి, ఇందులో నేను వాడింది ఏ బ్రాంచ్? రాయిని గుర్తుపట్టింది పెట్రాలజీ, డైక్ ఎటు పోతోందో చూసింది స్ట్రక్చరల్ జియాలజీ, కడ్డీలు దించింది జియోఫిజిక్స్. అదే నీళ్ళలో ఫ్లోరైడ్ లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే తాగడానికి పనికిరావు, అప్పుడు జియోకెమిస్ట్రీ కావాలి, గ్రానైట్‌లోని ఖనిజాల నుంచి అది నీళ్ళలోకి దిగి నల్గొండ జిల్లాలో ఎంతమంది ఎముకలు వంగిపోయాయో చూసినోళ్ళకి తెలుసు. ఇంజినీరింగ్ జియాలజీ తీసుకున్నా ఇంతే, 2025 ఫిబ్రవరిలో శ్రీశైలం ఎడమ గట్టు కాలువ కోసం తవ్వుతున్న ఎస్ఎల్‌బీసీ సొరంగం కూలి నీళ్ళూ బురదా లోపలికొచ్చి ఎనిమిది మంది చనిపోయారు, సొరంగం తవ్వేవాడికి కూడా ముందు తెలియాల్సింది రాతిలో పగులు ఎక్కడుంది, నీళ్ళు ఎటు నుంచి వస్తాయి అనేదే.

నాకు ఒళ్ళు మండేది ఎక్కడంటే, కాలేజీల్లో స్ట్రక్చరల్ అంటే కష్టమని పిల్లలు వదిలేస్తారు, ఫీల్డ్ క్యాంపు అంటే బస్సు దిగి ఫోటోలు దిగి ఎక్కేయడం అయిపోయింది, కంపాస్ పట్టుకుని డిప్, స్ట్రైక్ (రాతిపొర ఎంత వాలింది, ఎటు సాగింది) కొలవడం రాకుండానే పట్టా చేతికొస్తోంది. బయటేమో అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని తిరిగేవాళ్ళు గ్యారంటీ పాయింట్ అని వేలకి వేలు తీసుకుంటున్నారు, రిగ్గు వాళ్ళకి అడుగుకింత అని డబ్బులు కాబట్టి ఇంకో వంద దించుదాం అంటారు, అప్పంతా రైతు నెత్తిన. మనం చదువుకున్నోళ్ళం పొలాల్లోకి పోకపోతే ఆ జాగా వాళ్ళదే అవుతుంది.

గవర్నమెంటు ఉద్యోగమే కావాలంటే యూపీఎస్సీ వాళ్ళ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్ష చూడండి. జీఎస్ఐ (జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా)లో జియాలజిస్టుకీ, కేంద్ర భూగర్భ జల బోర్డులో హైడ్రోజియాలజిస్టుకీ మెయిన్స్‌లో మొదటి రెండు జియాలజీ పేపర్లూ ఒకటే, మూడోది మాత్రమే వేరు. కాబట్టి ఇటు వస్తే అటు దారి మూసుకుపోదు. ఎమ్మెస్సీకి యూనివర్సిటీ ఎంచుకునేటప్పుడు మాత్రం స్పెషలైజేషన్ పేరు చూసి చేరకండి, మ్యాపింగ్ క్యాంపు ఎన్నాళ్ళు పెడతారు, రెసిస్టివిటీ మిషన్ పనిచేస్తోందా, పిల్లల చేతికి ఇస్తారా అని అక్కడి సీనియర్లని అడిగి చేరండి.