296 వీడియో గేమ్స్‌లో 131 వచ్చేశాయి, ఎఫ్‌డీ తీసి మిగతావి కొనేదా?

ప్రశ్న: సార్, మాది తిరుపతి, బైరాగిపట్టెడ. వయసు 38. రేణిగుంట దగ్గర ఒక ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్‌ని, చేతికి 62,000 వస్తుంది. నా భార్య ప్రైవేటు స్కూల్లో టీచర్, ఆమెకు 18,000. పాపకు ఆరేళ్ళు. అద్దెతో కలిపి ఇంటి ఖర్చు 52,000. పాప సుకన్య ఖాతాలో నెలకు 5,000 వేస్తున్నాం. ఎఫ్‌డీ మూడున్నర లక్షలుంది. నేను తొమ్మిదో తరగతిలో ఉండగా మా పెదనాన్న కొడుకు అమెరికా నుంచి నింటెండో 64 అనే, టీవీకి తగిలించి ఆడే వీడియో గేమ్ కన్సోల్ తెచ్చిచ్చాడు. ఆ కన్సోల్‌కు అమెరికాలో వచ్చిన 296 గేమ్సూ సేకరించాలని నా పట్టుదల. మూడేళ్ళలో 131 అయ్యాయి, 5 లక్షలు ఖర్చయింది. డబుల్స్, అంటే ఉన్న గేమ్‌కే రెండో ప్రతులు, ఇంకో 14 ఉన్నాయి. క్రెడిట్ కార్డులో 84,000 బాకీ ఉంది, మినిమమ్ కడుతున్నా. ఇప్పుడు చెన్నైలో ఒకాయన 40 గేమ్స్ లాట్‌గా 3 లక్షలకు ఇస్తానంటున్నారు. వాటిలో నా దగ్గర లేనివి 23. ఎఫ్‌డీ తీసి కొనేదా? పాత గేమ్స్ ధరలు పెరుగుతున్నాయి కాబట్టి పాప చదువుకు పెట్టుబడిగానూ పనికొస్తుందని నా ఆలోచన. ఇంట్లో పూర్తి లెక్క చెప్పలేదు.

జవాబు: ఎఫ్‌డీ తీయండి. అయితే లాట్ కోసం కాదు, కార్డు బాకీ కోసం.

కార్డు వడ్డీ నెలకు మూడున్నర శాతం అనుకుందాం. 84,000 మీద 2,940. దాని మీద 18 శాతం జీఎస్‌టీ 529. మొత్తం 3,469 రూపాయలు. మీరు 5 లక్షలతో 131 గేమ్స్ కొన్నారంటే ఒక్కోటి సగటున 3,800 పడింది. అంటే నెలనెలా మీ బీరువాలోంచి దాదాపు ఒక గేమ్‌ను బ్యాంకు ఎత్తుకుపోతున్నట్టే. అదే 84,000 ఎఫ్‌డీలో ఉన్నందుకు, 7 శాతం లెక్కన, మీకు నెలకు వచ్చేది 490. ముందే తీసినందుకు బ్యాంకు అర శాతమో ఒక శాతమో కోసుకుంటే కోసుకోనివ్వండి. రేపే బ్యాంకుకు వెళ్ళి కార్డు బాకీ పైసాతో సహా తీర్చేయండి. మిగిలే 2,66,000 మీ ఇంటికి ఐదు నెలల ఖర్చు. ఉద్యోగం పోయినా, ఆసుపత్రి పాలైనా మిమ్మల్ని నిలబెట్టేది అదొక్కటే. దాన్ని చెన్నై రైలెక్కించకండి.

ఇక ఆ లాట్ సంగతి. 40 గేమ్స్, 3 లక్షలు, ఒక్కోటి 7,500 అని ఆయన చెబుతారు. మీకు కావలసినవి 23 కాబట్టి మీ వరకు ఒక్కోటి 13,000 పైమాటే. మిగతా 17 అమ్మేసుకోవచ్చని మీ మనసు సర్దిచెబుతుంటుంది. ఎవరికి అమ్ముతారు? మన దేశంలో పాత గేమ్ అంటే చాలామందికి గుర్తొచ్చేది టీవీకి తగిలించే నకలు (క్లోన్) పెట్టె, పసుపు కార్ట్రిడ్జులో, అంటే గేమ్ ఉండే ప్లాస్టిక్ డబ్బాలో, కాంట్రా, మారియో. నింటెండో 64 సేకరించేవాళ్ళు ఇక్కడ తక్కువ. మీ దగ్గరున్న 14 డబుల్స్ ఇన్నాళ్ళూ ఎందుకు అమ్ముడుపోలేదో ఒకసారి ఆలోచించండి. వాటికి ఈ 17 తోడైతే 31 అవుతాయి. అలా కాదు, కొని అమ్మడమే పనిగా పెట్టుకుంటానంటే అది వ్యాపారం కిందికి వస్తుంది, రిటర్నులో చూపించాల్సి ఉంటుంది.

మీరు వేసుకున్న అసలు లెక్క దగ్గరికి వద్దాం. ఉత్తరంలో రాయలేదు గానీ, "ఇంకా 165, ఒక్కోటి 3,800, ఆరు లక్షల పాతిక వేలయితే అయిపోతుంది" అని ఎక్కడో కాగితం మీద రాసుకునే ఉంటారు. ఆ కాగితం చింపేయండి. మొదటి 131 సులువుగా దొరికేవి కాబట్టే మీకు దొరికాయి. సూపర్ మారియో 64 కోటికి పైగా ప్రతులు అమ్ముడైంది, మారియో కార్ట్ కూడా కోటికి దగ్గర్లోకి వచ్చింది. ఎంత గిరాకీ ఉన్నా అవి ఎక్కడో ఒకచోట దొరుకుతూనే ఉంటాయి. మిగిలినవాటిలో ఉన్నవాటిని చూడండి. కాంకర్స్ బ్యాడ్ ఫర్ డే 2001లో, కన్సోల్ కాలం చెల్లిపోతున్నప్పుడు వచ్చింది. 1998 నాటి క్లేఫైటర్ స్కల్ప్టర్స్ కట్ అసలు దుకాణాల్లో అమ్మకానికే రాలేదు, బ్లాక్‌బస్టర్ అనే వీడియో అద్దె దుకాణాల కోసమే చేశారు. పెట్టె లేని ఒట్టి కార్ట్రిడ్జుకే వందల డాలర్లు అడుగుతారు. ఏనుగు వెళ్ళి తోక చిక్కుకుంది అంటామే, ఇక్కడ ఆ తోకే ఏనుగంత ఖరీదు. సగం దాటేశాను అనుకుంటున్నారు గానీ, డబ్బు లెక్కలో మీరింకా అలిపిరి దగ్గరే ఉన్నారు.

చవక గేమ్స్‌తో ఇంకో తిప్పలుంది. ఏటేటా వచ్చిన ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్, రెజ్లింగ్ గేమ్స్ అమెరికాలో కొద్ది డాలర్లకే దొరుకుతాయి. అక్కడి నుంచి ఇక్కడికి కొరియరు, కస్టమ్స్ సుంకం, దిగుమతి మీద ఐజీఎస్‌టీ, డాలర్లలో కొన్నందుకు కార్డువాళ్ళు అదనంగా వేసే ఫారెక్స్ మార్కప్ కలిస్తే వస్తువు కంటే బాడుగే ఎక్కువవుతుంది. మన చిత్తూరు మామిడి రైతుకు ఇది కొత్త కాదు. తోతాపురి ధర పడిపోయిన ఏడాది కోత కూలీ తగ్గదు, ట్రాక్టరు బాడుగా తగ్గదు, కాయ చెట్టునే వదిలేయడం మేలనిపిస్తుంది. అందుకని అలాంటివి ఒక్కొక్కటిగా తెప్పించకండి. మీ అన్న ఇంకా అమెరికాలోనే ఉంటే ఏడాది పొడవునా ఆయన ఇంటికే చేర్చండి, ఊరికొచ్చేటప్పుడు సూట్‌కేసులో తెస్తారు. బ్యాగేజీ పరిమితి లోపల ఉండేలా చూసుకోండి. వదిన కోసం ఆవకాయ, అరిసెలు తిరుగు ప్రయాణంలో పంపడం మీ బాధ్యత.

పెట్టుబడి అన్నారు. 2021 జులైలో సూపర్ మారియో 64 ఒకటి అమెరికాలో వేలంలో 15 లక్షల 60 వేల డాలర్లు పలికింది. ఆ వార్త మీరు చదివే ఉంటారు. అది సీలు విప్పని ప్రతి, ఎంత బాగుందో నిపుణులతో మార్కులు వేయించి (గ్రేడింగ్) గట్టి ప్లాస్టిక్ పెట్టెలో పెట్టింది. మీ దగ్గరున్నది ఆడిన కార్ట్రిడ్జు, వెనక ఎవరో పిల్లాడు పెన్నుతో పేరు రాసుకున్నది. రెండూ ఒకటి కావు. కరోనా కాలంలో ఇంట్లో కూర్చున్న జనం ఎగబడి కొనడంతో ఆడిన గేమ్స్ ధరలూ పెరిగాయి, తర్వాత చాలావరకు చల్లబడ్డాయి. పైగా మీకు ఆ ధర రావాలంటే అమెరికాలో కొనేవాడు దొరకాలి, మళ్ళీ కొరియరు కట్టాలి. పాప కాలేజీ ఫీజు కట్టాల్సిన జూన్ నెలలో 296 కార్ట్రిడ్జులకు గిరాకీ వస్తుందని ఎవరు హామీ ఇస్తారు? బంగారమైతే తిలక్ రోడ్డులో ఏ కొట్టుకు వెళ్ళినా ఆ పూటకి డబ్బు చేతికొస్తుంది.

నిల్వ సంగతి కూడా చెప్పాలి. నింటెండో 64 గేమ్స్ పెట్టెలు అట్టవి. అందుకే పెట్టెతో ఉన్నవాటికి అంత ధర. తిరుపతిలో చెదలకూ వెండిపురుగుకూ ఆ అట్ట పండగ భోజనం. 2021 నవంబరు వానలకు మన ఊళ్ళో ఎన్ని వీధులు చెరువులయ్యాయో మీరూ చూశారు. అద్దె ఇల్లు కింది అంతస్తయితే బీరువా కింది అర ఖాళీగా ఉంచండి. కొన్ని కార్ట్రిడ్జుల్లో ఆట సేవ్ కావడానికి చిన్న బ్యాటరీ ఉంటుంది. జెల్డా ఒకారినా అలాంటిదే. పాతికేళ్ళు దాటాక ఆ బ్యాటరీ ఎప్పుడైనా చచ్చిపోవచ్చు, మార్చాలంటే సోల్డరింగ్ ఐరన్ పట్టాలి. మీరు ఎలక్ట్రానిక్స్ మనిషి, అది మీకొక లెక్క కాదు. అందరికీ అలా కాదు.

ఇలా రాస్తున్నాను కదా అని నాకు సేకరణ రుచి తెలియదనుకోకండి. చిత్తూరులో చిన్నప్పుడు మా వీధి పిల్లలం శివకాశి అగ్గిపెట్టెల బొమ్మలు పోగేసేవాళ్ళం. ఒక్క నెమలి బొమ్మ తక్కువైందని దానికోసం పదహారు బొమ్మలు ఇచ్చుకున్నా. వారం తిరక్కుండా మదనపల్లె బస్టాండులో ఒక బంకు ముందు అదే నెమలి పెట్టెలు బస్తాలో కనిపించాయి. ఆ రోజు బస్సులో నేను ఏడ్చిన ఏడుపు మా అమ్మ ఇప్పటికీ చెప్పి నవ్వుతుంది. ఒక్కటి తక్కువైనప్పుడు మనిషికి లెక్క తెలియదు, అంతే.

అందుకే సరదా మానమని చెప్పను. దానికో హద్దు పెడతాను. మీ ఇద్దరి ఆదాయం 80,000. ఖర్చు, సుకన్య పోను 23,000 మిగులుతుంది. అందులో 10,000 పాప కాలేజీ కోసం ఇండెక్స్ ఫండ్‌లో, అంటే షేర్ మార్కెట్ సూచీని అనుసరించే మ్యూచువల్ ఫండ్‌లో, నెలనెలా సిప్ పెట్టండి. పన్నెండేళ్ళు సగటున 10 శాతం పెరిగితే సుమారు 27 లక్షలవుతుంది. మార్కెట్ కాబట్టి హామీ లేదు, కానీ మీరు జేబులోంచి పెట్టేది 14,40,000 మాత్రమే. మీ ఉత్తరంలో టర్మ్ పాలసీ (జీవిత బీమా) గురించి ఒక్క ముక్క లేదు. లేకపోతే ఈ నెలలోనే కోటి రూపాయలకు తీసుకోండి. కంపెనీ ఇచ్చేది కాక సొంతంగా ఇంకో ఆరోగ్య బీమా కూడా. ప్రీమియాలు పోగా మిగిలేదాంట్లో గేమ్స్‌కు నెలకు 4,000, విడిగా ఒక సేవింగ్స్ ఖాతాలో. గేమ్స్ ఆ ఖాతా డెబిట్ కార్డుతోనే కొనాలి. క్రెడిట్ కార్డును గేమ్స్ కొనే యాప్‌లన్నిటిలోంచీ తీసేయండి.

నెలకు ఒకటి చొప్పున కొంటే 165 గేమ్స్‌కు పద్నాలుగేళ్ళు పడుతుంది, అదీ పాత సగటు ధరే ఉంటే. అప్పటికి మీకు 52. ఒప్పుకోబుద్ధి కాకపోతే, మార్చాల్సింది బడ్జెట్టును కాదు, సెట్టును. "అన్నీ" అనే మాటకు అర్థం మీరు రాసుకున్నదే. అదే నింటెండో 1995లో తెచ్చిన వర్చువల్ బాయ్ అనే కన్సోల్‌కు ప్రపంచమంతా కలిపి వచ్చినవి 22 గేమ్స్, అమెరికాలో 14. దాని సేకరణకర్త పద్నాలుగుతో పూర్తి సెట్ అంటాడు, ఎవరూ కాదనరు. మీరు పెట్టెల జోలికి పోకుండా కార్ట్రిడ్జులే చాలనుకోవచ్చు. అద్దె దుకాణాలకు మాత్రమే చేసినవాటిని లిస్టులోంచి కొట్టేయొచ్చు. నన్నడిగితే, ఆ కన్సోల్‌కు ముందువైపు నాలుగు కంట్రోలర్ల సాకెట్లున్నాయి కదా, నలుగురు కలిసి ఆడేవాటితో ఒక లిస్టు రాయండి. పాపకు ఆరేళ్ళు, ఇంకో ఏడాదిలో మిమ్మల్ని మారియో కార్ట్‌లో ఓడిస్తుంది.

ఇంట్లో చెప్పలేదన్నారు. చెప్పండి. రేపు మీకేమైనా అయితే ఆ 145 కార్ట్రిడ్జులు మీ ఆవిడ కంటికి పాత ప్లాస్టిక్కే, పాత సామాన్లవాడు కిలో లెక్కన తూచి తీసుకెళ్తాడు. రెండు వందల పేజీల నోటుబుక్కు ఒకటి కొనండి. గేమ్ పేరు, కొన్న తేదీ, పెట్టిన డబ్బు, కొరియరు, పెట్టె ఉందా లేదా, ఒక్కోదానికి ఒక్కో వరుస. చివరి పేజీలో, అమ్మాల్సి వస్తే ఎవరిని అడగాలో ఇద్దరి నంబర్లు. పుస్తకం ఆమె చేతికివ్వండి. 5 లక్షలన్న మాట మొదటిసారి ఆ పుస్తకంలో కాకుండా మీ నోటి నుంచి వింటే మంచిది.

ఆ చెన్నై ఆయనకు కుదరదని చెప్పే ముందు ఒక మాట అడిగి చూడండి. లాట్ మొత్తం కాకుండా, 23లో మీకు మరీ కావలసిన నాలుగైదు ఇచ్చి, మీ 14 డబుల్స్‌లోంచి తనకు లేనివి తీసుకుంటారా అని. ఒప్పుకుంటే ఆదివారం పొద్దున్నే చెన్నై రైలెక్కండి. ఈ గేమ్స్‌కు నకిలీలు విపరీతంగా తిరుగుతున్నాయి, స్టిక్కరు చూసి చెప్పలేం. కార్ట్రిడ్జు వెనక రెండు మరలుంటాయి, మామూలు స్క్రూడ్రైవరుకు రావు, 3.8 మిల్లీమీటర్ల గేమ్‌బిట్ అనే ప్రత్యేక స్క్రూడ్రైవరు కావాలి. విప్పితే అసలు బోర్డు మీద నింటెండో అన్న అక్షరాలు అచ్చయి ఉంటాయి, సోల్డరింగ్ నున్నగా ఉంటుంది. విప్పి చూడనివ్వనంటే అక్కడే టీ తాగి మధ్యాహ్నం బండికి వెనక్కొచ్చేయండి. ఆ రోజు జేబులో డబ్బు తక్కువున్నా పరవాలేదు, ఆ స్క్రూడ్రైవరు మాత్రం మరిచిపోకండి.